రాకాసి గుళ్ల పక్క నుంచి బాట

మహబూబ్‌నగర్ స్టేషన్ బయట

"రాళ్లు చూడనీకి ఇంత దూరం వచ్చిండ్రా మేడం?" అని అడిగాడు యూసుఫ్ మామూ, నా బ్యాగు కారు వెనక సీట్లో పెడుతూ. నవ్వుతూ అడిగినా, జవాబు కోసం నిజంగానే ఆగాడు.

"అవునండి, రాళ్ల కోసమే" అన్నాను.

నేను భీమవరంలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఏటా జూన్‌లో నా మొదటి పాఠం ఒకటే. నైలు ఒడ్డున ఈజిప్టు, రెండు నదుల నడుమ సుమేరు, మన సింధు లోయ, పసుపు నది దగ్గర చైనా. ఎవరు పాలించారు, ఎవరు పండించారు, చనిపోయినవాళ్లను ఏం చేశారు అని నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చెబుతాను. ఆ నాలుగింటిలో ఒక్కటీ కళ్లతో చూడలేదు. ఈజిప్టు దాకా వెళ్లే స్తోమత నాకు లేదు. ఆ నాగరికతల తర్వాత కొన్ని వందల ఏళ్లకు మన దక్కనులోనూ మనుషులు పెద్ద పెద్ద రాళ్లు నిలబెట్టారని, చచ్చిపోయినవాళ్ల చుట్టూ బండలతో వలయాలు కట్టారని చదివాను. అవి ఇంకా ఉన్నాయట. టికెట్టు కొనుక్కుని వెళ్లి చూడగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

మా కాలేజీలో లెక్కలు చెప్పే నస్రీన్‌ది మహబూబ్‌నగర్. "మా మామూకి సొంత కారుంది. కిరాయిలు లేని రోజు చూసి తీసుకెళ్తాడు. నువ్వూ మామూ అనే పిలువు, లేకపోతే బాధపడతాడు" అని పంపించింది. అందుకే ఆయన నాకూ మామూ అయ్యాడు. నేను మాత్రం ఆయనకు చాలాసేపు మేడంగానే ఉండిపోయాను.

మక్తల్ దారిలో

మక్తల్‌లో ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన మరమరాల్లో పోపు వేసి పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పూట పిల్లల కాలక్షేపం. ఇక్కడ పొలం పోయేవాళ్లకు కడుపు నిండే టిఫిను. బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగితే హోటలాయన ఏమీ అడక్కుండానే కాసింత చక్కెర తెచ్చి చేతిలో పోశాడు.

కారెక్కాక మామూ అడిగాడు. "మీరు పిల్లలకు ఏం పాఠం చెప్తరు?"

సుమేరు, ఊర్ నగరం, అక్కడి మెట్ల గుడి అని చెప్పుకుపోతున్నాను. ఆయన కారు వేగం తగ్గించాడు.

"నాసిరియా పక్కన ఉంటది, గదేనా?"

నేను ఆశ్చర్యపోయి ఆయన వైపు తిరిగాను.

"నేను ఇరాక్‌ల వంటమనిషిగ చేసిన మేడం. క్యాంపుల మనోళ్లు శానమంది ఉండె. ఒక జుమ్మా రోజు సెలవిచ్చిన్రు. నలుగురం కలిసి పోయినం. అండ్ల చూసేదేముంది అనుకున్న. దగ్గరికి పోతే గోడంత ఇటుకలే. మా బట్టీల ఇటుకల లెక్కనే ఉన్నయి, జర పెద్దగ. మధ్యల నల్లగ డాంబరు పెట్టిన్రు. ఆ ఊరి పేరే ఊర్. మాకు నవ్వొచ్చింది. తెలుగోడు ఎవడన్న పెట్టిండేమో అనుకున్నం."

"మెట్లెక్కారా?"

"ఎక్కిన. పైన గాలి మస్తు కొడ్తది. హజ్రత్ ఇబ్రాహీం పుట్టిన జాగ అని పక్కన ఇల్లు చూపెట్టిన్రు. నేను ఆడ రెండు రకాత్‌ల నమాజు చదువుకున్న."

ఆ ఇల్లు ఇబ్రాహీందేనని చెప్పడానికి చరిత్రకారులకు సరైన ఆధారం లేదని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద నేను సుద్దముక్కతో గీసిన మెట్లను ఈయన నిజంగా ఎక్కి దిగాడు. ఎండాకాలం వాటి మీద కాళ్లు కాలతాయని చెప్పాడు. ఆ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ముడుమాల్

కృష్ణ ఒడ్డు ఇక్కడ మా గోదావరి ఒడ్డులా పచ్చగా ఉండదు. రాయి, తుమ్మ, మధ్యలో కంది చేలు. చేల నడుమ ఆ రాళ్లు నిలబడి ఉన్నాయి. కొన్ని నాకు రెండింతల ఎత్తు. మిగతావి మోకాలెత్తు బండలు, వరసలు వరసలుగా.

మొదట నాకేమీ అనిపించలేదు. దాహం వేసింది. కాలికి పల్లేరు గుచ్చుకుంది. పుస్తకంలో బొమ్మ ఇంతకంటే బాగుంది కదా అనిపించి, నామీద నాకే కోపం వచ్చింది.

మేకలు కాస్తున్న ఒకామె నా వెనకే వచ్చి నిలబడింది. పేరు నర్సమ్మ. మాటల్లో కొంత కన్నడం కలిసింది. "ఇవన్ని మనుషులేనమ్మ" అంది. "ఎవరిదో శాపం తగిలి ఇట్ల రాళ్లయిన్రు. గా పెద్దవి పెద్దోళ్లు. గీ చిన్నయి పిల్లలు, కూలోళ్లు."

"మీకు భయం వేయదా?"

"ఏం భయం? మా అవ్వ కాలం కెల్లి ఈడనే ఉన్నయి. ఏమంటలేవు గద."

పడి ఉన్న ఒక బండ దగ్గరకు తీసుకెళ్లింది. దాని మీద చిన్న చిన్న గుంటలు. ఆకాశంలో నక్షత్రాలను చూసి అప్పటివాళ్లు తొలిచారని పరిశోధకులు అంటారు. నర్సమ్మ వాళ్లకు అది ఎల్లమ్మ. పసుపు, కుంకుమ ఇంకా తడిగానే ఉన్నాయి.

అక్కడ కూర్చున్నాను. ఈజిప్టు రాజు తన సమాధి మీద తన పేరు చెక్కించుకున్నాడు. సుమేరులో గుడి అధికారులు ఎవరికి ఎంత బార్లీ ఇచ్చారో మట్టి పలకల మీద రాసుకున్నారు. సింధు వాళ్లు ముద్రల మీద ఏదో రాశారు, మనం చదవలేకపోతున్నాం. ఈ రాళ్లు నిలబెట్టినవాళ్లు మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. ఇంత బరువు లాగాలంటే ఒక ఊరి చేతులు చాలవు. రాజు కొట్టి లాగించాడా, అందరూ అనుకుని లాగారా? పాలన గురించి నేను అడిగే ప్రశ్నలన్నీ అక్కడే ఆగిపోయాయి.

మామూ పెద్ద రాయి నీడలో రుమాలు పరచుకుని పడుకున్నాడు. వెళ్దామంటే లేచి, ఆ రాయిని అరచేత్తో రెండుసార్లు తట్టి వచ్చాడు.

కల్వకుర్తి దాటాక

రెండో రోజు కల్వకుర్తి, డిండి మీదుగా నల్గొండ వైపు బయలుదేరాం. రాత్రికి నల్గొండ చేరి, పొద్దున పానగల్ గుళ్లు చూసి, చిట్యాలలో విజయవాడ బస్సెక్కాలన్నది నా ఆలోచన. పానగల్ నేను చూడనే లేదు.

డిండి దాటాక ఒకచోట టీ తాగుతుంటే, నేను రాళ్ల కోసం తిరుగుతున్నానని మామూ పక్క బల్లాయనతో చెప్పాడు. "మా ఊర్ల రాకాసి గుళ్లున్నయి. పోయి చూడుండ్రి" అన్నాడాయన. రాకాసి గుళ్లంటే బండలతో కట్టిన ఆ సమాధి వలయాలే. అంత పెద్ద రాళ్లు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే పెట్టి ఉంటారని ఆ పేరు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

తారు రోడ్డు దిగి మట్టి బాట పట్టాం. ముందు రోజు వాన పడింది. బాట నల్లరేగడి. కొంత దూరం వెళ్లామో లేదో కారు చక్రం దిగబడింది. మామూ ఆపకుండా యాక్సిలేటరు తొక్కాడు. కింద ఏదో బండకు తగిలి ఫట్‌మని విరిగింది. ఇంజన్ ఆగిపోయింది.

మామూ దిగి కిందికి చూసి, "అల్లా" అని, నా వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు బేటీ" అన్నాడు. మేడం నుంచి బేటీకి మారింది ఆ బురదలోనే.

తండాలో సాయంత్రం

బాట చివరన ఉన్న తండా నుంచి మనుషులొచ్చారు. ట్రాక్టరుకు తాడు కట్టి కారును లాగారు. అందరికంటే ముందు బురదలోకి దిగినామె మంగ్లీ బాయి. అరవై ఉంటాయేమో. వెండి కడియాలు, కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"కారు దేవరకొండ పోతే గాని కాదు. రేపే" అని తేల్చాడు ట్రాక్టరతను. ట్రాక్టరు లాగుతున్న కారుతో పాటు మామూ కూడా వెళ్లిపోయాడు, పొద్దున వస్తానని. నన్ను మంగ్లీ బాయి తన ఇంటికి తీసుకెళ్లింది.

జొన్న రొట్టె పెట్టింది. "తొక్కేసుకో అమ్మా" అంది. మా వైపు తొక్క అంటే పండు పైది ఒలిచి పారేసేది. ఏం చెప్పాలో తెలియక నవ్వుతూ కూర్చున్నాను. ఆమె ఇంకోసారి చెప్పి, నేను వినకపోయేసరికి తనే టమాటా పచ్చడి తీసి నా కంచంలో వేసింది. ఇక్కడ పచ్చడిని తొక్కు అంటారు. సంగతి చెబితే కోడలు నవ్వి నవ్వి పొయ్యి దగ్గర నుంచి లేవాల్సి వచ్చింది.

ఆ కోడలి ఒడిలో ఏడాది నిండని పాప.

"పేరేంటి?"

"మౌనిక" అంది కోడలు.

"మేమంత సడక్ అంటం" అంది మంగ్లీ బాయి.

పోయిన వానాకాలం నొప్పులొస్తే అంబులెన్సు తారు రోడ్డు మీదే ఆగిపోయిందట. నలుగురు మంచం మీద మోసుకుని బయలుదేరారు. దవాఖాన దాకా ఆగలేదు. పాప బాట మీదే పుట్టింది, అందుకే సడక్ అయింది.

"ఇద్దరు మంచిగున్నరు, మా అదృష్టం" అంది మంగ్లీ బాయి. "ముందటి సారి గట్ల కాలే." ఆ ముందటి సారి ఎవరని అడగలేకపోయాను.

తండాకు రోడ్డు మంజూరయింది. కొలిచిన గీత నేరుగా పోతుంది. నేరుగా పోతే రాకాసి గుళ్ల మీదుగా పోతుంది. వంపు తిప్పితే మల్లయ్య అనే రైతు బత్తాయి తోటలో ఒక వరస చెట్లు పోతాయి. రేపు గ్రామసభలో తేల్చాలి.

పొద్దు గూకే ముందు ఆ గుళ్లు చూపించింది. వలయాలుగా బండలు, ఒకదాని పక్కన ఒకటి. వాటిలో రెండు వలయాల లోపల మనిషి లోతు గుంతలు. గుప్తనిధుల కోసం ఎవరో దొంగతనంగా తవ్వారు. ఎముకలు, కుండ పెంకులు తప్ప ఏమీ దొరికి ఉండవు. పెంకులు కొన్ని అక్కడే పడి ఉన్నాయి, లోపల నలుపు, బయట ఎరుపు. తరగతిలో ఆ రంగుల గురించి ఎన్నిసార్లు చెప్పానో. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఎవరో రోజూ అన్నం తిన్న గిన్నె అంచు అది. మళ్లీ అక్కడే పెట్టేశాను.

"నీకు రాళ్లంటే పానం గదా" అంది మంగ్లీ బాయి. "నాకేమో గీ బాట పానం. ఏం చెయ్యాలె మనం?"

గ్రామసభ

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. సర్పంచి సునీత ముప్పై దాటని మనిషి. మామూ దేవరకొండ నుంచి బస్సులో వచ్చేశాడు, కారు మధ్యాహ్నానికి మెకానిక్కే తెచ్చి ఇస్తాడని. వెనక కుర్చీల్లో కూర్చున్నాం.

మల్లయ్య ముందే లేచాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. "నా చెట్లు కాపుకొచ్చి రెండేండ్లాయె. బిడ్డల లెక్క సాదిన. గవి రాళ్లే గద. జేసీబీ పెట్టి పక్కకు నూకుండ్రి."

"రాకాసి గుళ్లు కదిలిస్తే ఊరికి అరిష్టం" అన్నారు ఒకరిద్దరు.

"అరిష్టం మాకు రోజు ఉన్నది" అంది మంగ్లీ బాయి కూర్చున్నచోటు నుంచే. "సచ్చినోళ్ల రాళ్లు ముఖ్యమా, బతికినోళ్ల పానం ముఖ్యమా? రోడ్డు వంకరేస్తరో సక్కగేస్తరో మాకెందుకు. వెయ్యుండ్రి."

సునీత నా వైపు చూసింది. "మేడం చరిత్ర చెప్తరంట. గీ రాళ్లకు విలువ ఉన్నదా మేడం?"

తరగతిలో అయితే గంటసేపు మాట్లాడతాను. అక్కడ లేచి నిలబడి, ముందు మంగ్లీ బాయి వైపు చూశాను.

"ఉందండి" అన్నాను. "ఇవి మీ ఊళ్లో మొదట బతికినవాళ్లవి కావచ్చు. వాళ్లు ఏమీ రాసుకోలేదు. వాళ్ల గురించి తెలుసుకోవడానికి ఈ రాళ్లు, వీటి కింద ఉన్నవి తప్ప ఇంకేమీ లేవు. తీసేస్తే మళ్లీ పెట్టలేం. కానీ రాళ్ల వల్ల రోడ్డే ఆగిపోతుందంటే మాత్రం, నేను రోడ్డే కావాలంటాను. నిన్న పాపను చూశాను."

కూర్చున్నాను. నేను చెప్పింది ఎటూ కానట్టు అనిపించింది. అప్పుడు మామూ లేచాడు. ఆయన లేస్తాడని నేననుకోలేదు.

"నాది మహబూబ్‌నగర్. మీ ఊరి ముచ్చట నాకెందుకు అనకుండ్రి. నేను ఇరాక్‌ల ఒక పాత పట్నం చూసిన. వేల ఏండ్లది. మస్తు పెద్ద రాజులు ఏలిన్రంట. ఇప్పుడు ఆడ మనిషి లేడు, ఇసుకనే. ఎవడు కూలగొట్టిండని అడిగిన. ఆడ కాపల ఉన్నాయన చెప్పిండు, ఎవడు కూలగొట్టలే, నది పక్కకు జరిగింది, నీళ్లు బందయినయి, మనుషులు ఒక్కొక్కరు పోయిన్రు అని. గంతే. తండకు బాట లేకుంటె వీళ్లు గూడ గట్లనే పోతరు. నేను చెప్పేది గదే."

మల్లయ్య భుజం మీద తువ్వాలు దులుపుకుని, "అందరు మంచి మాటలే చెప్తరు. పోయేటివి నా చెట్లు" అని టెంటులోంచి వెళ్లిపోయాడు.

"ఇగ గుళ్ల మీదికెల్లి సక్కగనే వేద్దాం" అన్నారు ఎవరో. సునీత చేతులెత్తమంది. ఒక్కొక్క చెయ్యి లేస్తోంది. మంగ్లీ బాయి చెయ్యి కూడా లేచింది. నా వైపు చూడలేదు. ఆమెది తప్పని నేను అనలేను. అయినా నాకు ఏడుపొచ్చింది.

"జర ఆగుండ్రి."

ఆడవాళ్ల వరసలో ఒకామె నిలబడింది. మల్లయ్య భార్య యాదమ్మ అని పక్కావిడ చెప్పింది.

"చెట్లు పెట్టింది ఆయనే. నీళ్లు పోసింది నేను. నేను గూడ మాట్లాడొచ్చు గదా? గీ బాట మీద ట్రాక్టర్ల పోతుంటే సగం కాయ దెబ్బ తింటాంది. నల్గొండ పోయేసరికి కొననీకి వచ్చినోడు ముక్కు ఇరుస్తుండు. రోడ్డు మా తోట పొంటి వస్తే లారే మా గట్టు కాడికి వస్తది. ఒక్క వరస పోతే మిగిలిన వరసలకు మంచిదే గద. మా ఇంటాయనకు కోపంల లెక్క సమజైతలేదు. పిలుచుకొస్త. చేతులు దించుండ్రి."

చేతులు దిగాయి. ఆమె చెప్పులేసుకుని వెళ్లింది. అందరం కూర్చునే ఉన్నాం. టీ వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది.

సుమేరు పాత కథల్లో ఒక రాజు యుద్ధానికి పోయే ముందు పెద్దల సభను అడుగుతాడు. వాళ్లు వద్దంటే పడుచువాళ్ల సభను అడుగుతాడు. రాచరికం ముదరక ముందు మనుషులు కూర్చుని మాట్లాడుకునేవారనడానికి దాన్ని గుర్తుగా చెబుతాను. ఆ సభలో ఆడవాళ్ల మాట ఎక్కడా వినబడదు. ఇక్కడ ఊరంతా ఒక ఆడమనిషి తిరిగి రావడం కోసం టీ తాగుతూ కాచుకుని ఉంది. ఇన్నేళ్ల నా పాఠంలో లేనిది నాకు ఆ టెంటు కింద దొరికింది.

ఇద్దరూ వచ్చారు. మల్లయ్య ముఖం ఇంకా గంటుగానే ఉంది. కూర్చోకుండానే మాట్లాడాడు.

"గీ కాపు తెంపినంక చెట్లు తీయాలె. కంచె రాళ్లు తండోళ్లే పీకి మల్ల పాతాలె. ఇంగో మాట. రాత్రిళ్లు దొంగలొచ్చి ఆడ తవ్వుతున్నరు. నా కంచె తొక్కుకుంట పోతున్నరు. వాళ్లనెవరు ఆపుతరు?"

"రోడ్డు పడ్డంక రాత్రి పగలు మేమే తిరుగుతం గద" అంది మంగ్లీ బాయి. "ఎవడు తవ్వుతడో చూస్త. కంచె రేపే పాతిస్త. నా కొడుకులున్నరు."

"రేపొద్దు. కాపు తెంపినంక అన్న గదా."

"సరే, గప్పుడే."

ఈసారి సునీత చేతులెత్తమంటే మల్లయ్య చెయ్యి సగమే లేచింది. యాదమ్మ అతని మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది. టెంటంతా నవ్వింది. అతను కూడా కొద్దిగా నవ్వాడు. గుంతలు తవ్వేవాళ్లకు దారి చూపినట్టవుతుంది, ఊరి పేరు ఎక్కడా రాయవద్దని నన్ను అడిగింది సునీత. రాయనని మాటిచ్చాను.

ముగ్గు గీత

మాట మారక ముందే గీత గీయాలని సునీత అప్పటికప్పుడు ముగ్గు సంచి తెప్పించింది. అందరం గుళ్ల దగ్గరకు నడిచాం. మంగ్లీ బాయి కొడుకులు తాడు పట్టారు. మల్లయ్య తన తోట అంచున నిలబడి చూస్తున్నాడు. తాడు గుళ్ల బయటి వలయాన్ని తప్పించుకుని, అతని కంచెలోకి ఒక వరస మేరకు వంగింది.

"ఆగుండ్రి" అన్నాడు.

మళ్లీ ఏదో వచ్చిందని అందరి ముఖాలూ వాడాయి. అతను వచ్చి కాలితో మట్టి గీరాడు. రెండు చోట్ల గీరాక, కింద ఒక గుండురాయి నెత్తి తెల్లగా కనబడింది.

"ఈడ గూడ ఉన్నయి. దున్నుతుంటే నాగలికి తగుల్తయి. గా గీతల పోతే రోడ్డు వీటి మీద పడ్తది." కాసేపు తన చెట్ల వైపు చూశాడు. రెండో వరస చెట్లు కాయలతో వంగి ఉన్నాయి. "జర ఇటు జరుపుండ్రి" అన్నాడు.

"ఇటు జరిపితే ఇంకో వరస పోతది" అంది యాదమ్మ మెల్లగా.

"నాకు తెల్వదా?"

ముగ్గు సంచి మంగ్లీ బాయి కొడుకు చేతిలోంచి అతనే తీసుకున్నాడు. వంగి, పిడికిట్లోంచి ముగ్గు వదులుతూ, తన తోటలోంచి వెనక్కి వెనక్కి నడిచాడు. గీత కొంచెం వంకర పోయింది. ఎవరూ సరిచేయలేదు. మంగ్లీ బాయి పాపను చంకనెత్తుకుని అతని పక్కనే, అతను వదిలిన గీతను చూసుకుంటూ నడిచింది. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినబడలేదు. మధ్యలో ఒకసారి అతను తలెత్తి, పాప బుగ్గ గిల్లబోయి, చేతికి ముగ్గుందని ఆగిపోయాడు.

తారు రోడ్డు దగ్గర కారొచ్చి ఆగింది. మామూ అప్పటికే అటు వెళ్లి హారన్ కొడుతున్నాడు. యాదమ్మ నా కొంగులో బత్తాయిలు పోసింది. వద్దన్నకొద్దీ పోసింది. నేను ఆ తెల్ల గీత వెంట, ఇంకా పడని ఆ రోడ్డు మీద, బురద తప్పించుకుంటూ నడిచి వెళ్లాను.